మామ్మ పళ్ళు, తెల్లోళ్ళ చిల్లంగి

దెయ్యాల సినిమా గురించి రాస్తానని నేనెప్పుడూ అనుకోలేదు. విశాఖలో చదువుతున్న మా అమ్మాయి పండక్కొచ్చి, లాప్‌టాప్‌లో ‘ది విచ్’ అనే ఇంగ్లీషు సినిమా పెట్టింది. 2015లో రాబర్ట్ ఎగర్స్ తీసింది. "భయపడకమ్మా, నెమ్మదిగా నడుస్తాది, ఏటీ మీదకి దూకదు" అంది. నిజమే, దూకలేదు. గంటన్నర సినిమా. ఆ తర్వాత రెండు రాత్రులు నాకు నిద్ర పట్టలేదు. మేకపోతు కొమ్ములు చూసి కాదు, ఆ పొలం చూసి.

1630ల నాటి అమెరికా. ఇంగ్లండు నుంచి వలస పోయిన ఓ కుటుంబాన్ని, మతం విషయంలో తండ్రి మొండికేసినందుకు ఊరు వెలేస్తుంది. వాళ్ళు అడివి అంచున ఇల్లు కట్టుకుని మొక్కజొన్న వేస్తారు. పెద్ద గుంట థామసిన్ చంటి తమ్ముణ్ణి ఆడిస్తూ కళ్ళు మూసి తెరిచేసరికి బిడ్డ మాయమైపోతాడు. పంట కుళ్ళిపోతుంది. మేకని పితికితే పాలకి బదులు రక్తం పడుతుంది. తల్లి వెండి గిన్నె కనబడదు. దాన్ని అమ్మేసింది తండ్రే, నింద మాత్రం కూతురి మీద. ఆ తండ్రికి వేట రాదు, సేద్యం రాదు, కట్టెలు కొట్టడం ఒక్కటే వచ్చు. సినిమా నిండా ఆ గొడ్డలి చప్పుడే. ఆకలి ఎలా భయంగా మారుతుందో, ఆ భయం ఇంట్లో బలహీనుల మీదకి ఎలా తిరుగుతుందో దర్శకుడు తొందర పడకుండా చూపించాడు. అందుకు అతన్ని మెచ్చుకుంటాను.

ఒక చోట రాత్రి పూట తల్లీతండ్రీ గుసగుసలాడుకుంటారు, పెద్ద గుంటని వేరే ఇంటికి పనికి పంపేద్దామని. పిల్లలు చీకట్లో పడుకుని వింటారు. మా కంబారోళ్ళ ఇళ్ళల్లో ఆ గుసగుస వినని పిల్లలెవరు? మా అయ్య పదేళ్ళప్పుడు విన్నాడు. ఏడాదికి ఇన్ని కుంచాల చోళ్ళు, ఓ పంచె, ఓ కంబళి. తెల్లారేసరికి నాయుడి సాలలో ఉన్నాడు.

కానీ ఆ సినిమా పొలంలో కంబారి లేడు. అంతా ఇంటివాళ్ళే. అది మా జిల్లాల్లో కుదరదు. మాది రాజాం దగ్గర. అప్పుడు శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి విజయనగరం జిల్లా. పొలం నాయుడిది. దున్నేది, గోగు కోసి కంపు కొట్టే చెరువులో నానబెట్టి నార తీసేది, మంచులో కల్లం కాపలా పడుకునేది మేము. కల్లం కాడ కొరివి దెయ్యాలుంటాయని చెప్పేది వాళ్ళు, అక్కడ పడుకునేది మా అయ్య. అయ్యకి దెయ్యం ఎప్పుడూ కనబడలేదంట. ధాన్యం తగ్గితే పొద్దున్న నాయుడు కనబడతాడనే భయం. 2012 జూన్ 12న మాకు దగ్గర్లోనే, వంగర మండలం లక్షింపేటలో మడ్డువలస ప్రాజెక్టు కోసం తీసుకున్న భూమి గొడవలో అయిదుగురు మాలల్ని చంపేరు. పొలం గట్టు మీద మనిషిని చంపడానికి దెయ్యమెందుకు?

ఇప్పుడు మా నాయనమ్మ సంగతి. మేము మామ్మ అనేవాళ్ళం. నాయుడి సాలలో పేడ ఎత్తేది. వాడలో పురుళ్ళు పోసేది, ఆకు పసరులు తెలుసు. ఒక వర్షాకాలం నాయుడి పాడిగేదె పాలల్లో రక్తం పడింది. పొదుగువాపు జబ్బొస్తే రక్తం పడుతుందని పశువుల డాక్టరెవరైనా చెప్తాడు. వాళ్ళు డాక్టరు దగ్గరికి పోలేదు, సోదె అడిగేరు. "వాడలో ముసల్ది చిల్లంగి పెట్టింది" అని వచ్చింది. రావిచెట్టు కింద మామ్మని కూచోబెట్టి పట్టకారుతో ముందరి పళ్ళు పీకేరు. పళ్ళు లేకపోతే మంత్రం నోరు తిరగదని నమ్మకం. "బాబూ, నాకేటీ రాదు బాబూ, నా బిడ్డల మీద ఒట్టు" అన్నాదంట. అయ్య స్టేషనుకి ఎల్తే కాయితం రాయలేదు. "ఊళ్ళో సర్దుకోండి" అన్నారు.

ఆ మేకని పితికే సీను దగ్గర నేను లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చేను. మా అమ్మాయికి అప్పుడు అర్థం కాలేదు.

నా తగువు ఇక్కడే. ఆ సినిమాలో మంత్రగత్తె నిజంగా ఉంది. బిడ్డని చంపిన ముసల్దాన్ని మొదట్లోనే చూపించేస్తాడు. ఆ కాలంవాళ్ళు నమ్మినట్టే తీసేడని మా అమ్మాయి వాదన. అలా నమ్మినవాళ్ళే కదా పట్టకారు పట్టుకున్నది! 2023లో మన తెలుగులో వచ్చిన కార్తీక్ వర్మ దండు ‘విరూపాక్ష’ ఇంకా అన్యాయం. 1979లో క్షుద్రపూజలు చేస్తున్నారని ఊరు ఓ జంటని సజీవంగా కాల్చేస్తుంది. వాళ్ళ శాపం తగిలి పుష్కరం తిరిగేసరికి, 1991లో, ఊళ్ళో చావులు మొదలవుతాయి. మనం ఎవరి తరఫున భయపడాలి? కాల్చినవాళ్ళ తరఫున. ఎగర్స్ ఆ పని చెయ్యలేదు. వాళ్ళ భక్తి వాళ్ళని కాపాడినట్టు చూపించలేదు.

చివర్లో ఒక మాట పడుతుంది, సంభాషణలు చాలావరకు ఆనాటి డైరీలు, కోర్టు కాయితాల నుంచి తీసుకున్నవని. 1692లో సేలంలో 19 మందిని మంత్రగాళ్ళని ఉరి తీసేరు. మొట్టమొదట నింద పడ్డ ముగ్గురిలో టిటుబా అనే బానిస ఆడమనిషి ఒకతె. ఆ కాయితాలు రాసింది ఉరి తీసినవాళ్ళే, అయినా ఆమె మాటలు ఎంతో కొంత మిగిలేయి. మామ్మ మాట మిగలడానికి కాయితమే లేదు, అయ్య చెప్పిన ఒక్క ముక్క తప్ప.

సినిమా ఆఖర్న మేకపోతు రూపంలో ఉన్న సైతాను థామసిన్‌ని అడుగుతాడు: వెన్న రుచి కావాలా, మంచి గౌను కావాలా, లోకం చూస్తావా అని. ఆ గుంట పుస్తకంలో సంతకం పెట్టేస్తుంది.

"తప్పేటమ్మా? ఇంట్లో ఎవరున్నారని దానికి?" అంది మా అమ్మాయి.

తప్పని నేనూ అనలేదు. అప్పుడు చెప్పేను మామ్మ సంగతి. అన్నేళ్ళు ఆ సాలలో పేడ ఎత్తినా ఆ ఇంటి వెన్న మామ్మ నాలిక్కి తగల్లేదు. సంతకం రాదు, వేలిముద్రే. ఏ మేకపోతూ వచ్చి ఏటి కావాలని అడగలేదు.

"మరి తర్వాత ఏం చేసింది?"

దవడ వాపు తగ్గకముందే తట్ట పట్టుకుని ఆ సాలకే ఎల్లింది. చోడి అంబలికి ఆ ఇంటి గింజలే కావాలి. గేదె బతికింది. మామ్మ మాత్రం ఇంక ఎవరికీ పురుడు పొయ్యలేదు.