బుల్లి దీపం

కెమెరా కొనేటప్పుడు మా అక్క కొడుకుని వెంట తీసుకెళ్ళడం నేను చేసిన మొదటి పొరపాటు. "దీనికి ఫ్లాష్ లేదేమిట్రా?" అంటే, "ఈ రోజుల్లో అదెవరిక్కావాలి పిన్నీ, ఐ.ఎస్.ఓ. పెంచుకుంటే చాలు" అన్నాడు. చేతిసంచీలో పట్టే చిన్న మిర్రర్‌లెస్ కెమెరా. ముచ్చటపడి కొనేశాను.

వాడు చెప్పింది అబద్ధమేం కాదు. ఈనాటి కెమెరాలు గుడ్డి వెలుతుర్లోనూ బాగానే తీస్తాయి. పైగా ఆ బుల్లి ఫ్లాష్ చేసే అన్యాయం నాకు తెలియంది కాదు. ఎదురుగా కొడితే మొహాలు సున్నం వేసిన గోడల్లా తయారవుతాయి, కళ్ళు ఎర్రబడతాయి, లెన్స్ పొడుగైతే దాని నీడ ఫోటో అడుగున పడుతుంది. బలమా, అంతంతమాత్రం. సోనీ ఎ6400లో ఉన్నదాని గైడ్ నంబరు 6. అంటే ఐ.ఎస్.ఓ. 100లో, ఎఫ్ 3.5 దగ్గర, రెండు మీటర్లు కూడా అందదన్నమాట! పెళ్ళిపందిట్లో చివరి వరసలోంచి తళుక్కుమనిపించే బాబాయిలు ముందువాళ్ళ బట్టతలలు తప్ప మరేం వెలిగిస్తారు కనక?

నా తగాదా చీకటితో కాదు, వెలుతురుతో. మా అమ్మ పోవడానికి నెల ముందు, వీధి గుమ్మంలో కూర్చుని తమలపాకులు తుడుస్తోంది. వెనకాల నాలుగు గంటల ఎండ. ఎన్నడూ ఫోటోకి ఒప్పుకోని మనిషి "తియ్యవే తొందరగా, మళ్ళీ మనసు మారుతుంది" అంది. తీశాను. వీధి దివ్యంగా వచ్చింది. ఎదురింటి వేపచెట్టు ఆకు ఆకూ వచ్చింది. అమ్మ మొహం మాత్రం మసిబొగ్గు. మొహం కనబడేలా తీద్దామంటే వీధి తెల్లగా పాలిపోయేది. నాకూ ఆవిడకూ మధ్య రెండు మూరల దూరం. బుల్లి దీపమైనా అంతవరకూ అందేది.

"విడిగా ఒకటి కొనుక్కోవచ్చుగా" అంటారు. కొన్నాను. బీరువాలో ఉంది. అలాంటి ఘడియలు చెప్పి రావు కదా!

కంపెనీల తీరు చూడండి. 2019లో సోనీ ఎ6400కి ఫ్లాష్ పెట్టింది, అదే ఏడు అంతకన్నా ఖరీదైన ఎ6600కి తీసేసింది. బదులుగా పెద్ద బ్యాటరీ, చేతి వణుకుని సర్దుకునే ఏర్పాటూ ఇచ్చింది. వణుకు నాది సరే, పరుగెత్తే పిల్లాణ్ణి అది ఆపుతుందా? నికాన్ 2024లో జెడ్50 టూకీ, ఫ్యూజీ అదే ఏడు ఎక్స్-టి50కీ ఫ్లాష్ ఉంచాయి. వాటి బరువేం మునగలేదు. అన్నట్టు, ఎ6400లో ఆ దీపాన్ని వేలితో వెనక్కి వంచి పట్టుకుంటే వెలుగు సీలింగుకి తగిలి మెత్తగా దిగుతుంది. అప్పుడు మావాడు చెప్పిన ఐ.ఎస్.ఓ. కూడా కాస్త పెంచాలనుకోండి.

వాడే కంప్యూటర్లో అమ్మ మొహాన్ని నీడలోంచి పైకి లాగాడు. ముడతలు వచ్చాయి, ముక్కుపుడక వచ్చింది. కంట్లో మెరుపు రాలేదు. అక్కడ లేనిదాన్ని ఎక్కణ్ణుంచి లాగుతాడు, పాపం.

"ఫ్లాష్ వేసుంటే అమ్మమ్మ కళ్ళు మూసుకునేదేమో పిన్నీ" అన్నాడు.

"మూసుకున్న కళ్ళయినా కనబడేవి కదరా" అన్నాను.