వెంకటగిరి కొంగు

కట్టేవాళ్లకు చీరంటే కుచ్చిళ్లు, పైట. నేసేవాళ్లకు అంచు, ఒడలు, కొంగు. వెంకటగిరి నేత పనితనమంతా ఆ కొంగులోనే చూడాలి. సన్నటి నూలు పడుగు మీద జాందానీ చిలక బొమ్మ దిగాలంటే రంగు నూలు చుట్టిన చిన్న చిన్న కండెలను చేత్తోనే, లెక్క ప్రకారం, పోగుల మధ్య దూర్చి తిప్పాలి. ఆపైన మామూలు పేక ఒకటి వేసి బిగించాలి. మళ్లీ ముక్కు దగ్గర ఎర్రపోగు, రెక్క దగ్గర పచ్చపోగు. కొంగు పని పెద్దదైతే ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. ఒకరి చెయ్యి ఆగితే రెండోవారూ ఆగాల్సిందే. చీర తిరగేసి చూడండి, వెనకవైపూ చిలక చిలకలాగే ఉంటుంది. ఇంత పనికి బేరమాడటానికి నాకు మనసొప్పదు.