పాతబస్తీ చెవితో మెటల్ డ్రమ్స్

హెవీ మెటల్ డ్రమ్మర్లలో ఎవరు గొప్ప అన్న వాదన ఎక్కడ మొదలైనా చివరికి వేగం లెక్క దగ్గరికే చేరుతుంది. ఫలానావాడి పాదాలు నిమిషానికి ఇన్ని దెబ్బలు వేస్తాయి, ఫలానావాడి చేతులు కంటికి ఆనవు. ఈ లెక్కల మీద నాకు గురి కుదరలేదు. మెటల్ వినకముందే నా చెవిని చాంద్రాయణగుట్ట, లాల్‌దర్వాజా, శాలిబండ దారుల్లోని బరాత్‌లూ బోనాలూ తయారుచేసి పెట్టాయి. అక్కడ వేగంగా కొట్టేవాడికి ఈలలు పడతాయి. జనాన్ని కదిలించేది మాత్రం దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎంత చోటు వదలాలో తెలిసినవాడే. వాణ్ని కొలిచిన గజంతోనే ఇంగ్లండు, అమెరికా, స్వీడన్ డ్రమ్మర్లనూ కొలుస్తాను.

ఆ గజం ఎక్కడిదో ముందు చెప్పాలి. పాతబస్తీ దరువుల్లో పేరుమోసింది మర్ఫా. నిజాముల కొలువులో సిపాయిలుగా యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి అరబ్బులు వచ్చారు, ఆఫ్రికా మూలాలున్న సిద్దీలూ వచ్చారు. చావూష్‌లని పిలిచే అరబ్బు సంతతి బార్కస్‌లో స్థిరపడింది. ఇవాళ ఊళ్లోవాళ్లు ఆ పేటకు జామకాయల కోసం, మండీ కోసం వెళ్తుంటారు. సిద్దీలు మూసీ అవతల మాసబ్‌ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్‌లో ఉండిపోయారు. వాళ్ల గుర్రపు దళం ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. ఆ దళం కథలో మన వనపర్తి సంస్థానానికీ చోటుంది. 19వ శతాబ్దంలో వనపర్తి రాజా రామేశ్వరరావు పెంచిన ఆఫ్రికన్ అంగరక్షక దళం తర్వాత నిజాం సైన్యంలో కలిసింది. 1948 పోలీసు చర్య తర్వాత సైన్యం పోయింది, గుర్రాలూ పోయాయి. పెళ్లిళ్లకు వాయించడం మాత్రం ఆగలేదు.

మర్ఫా మేళంలో మెడకు వేలాడే రకరకాల ఢోళ్లుంటాయి, డఫ్ ఉంటుంది, చెక్క బద్దలుంటాయి, ఒక స్టీలు బిందె ఉంటుంది. బిందెను చిన్నచూపు చూడకండి. మేళమంతటికీ తాళం దాని మీదే ఉంటుంది. ఢోళ్ల మోత ఎంత దట్టంగా ఉన్నా బిందె మీది సన్నటి, పదునైన చప్పుడు దాన్ని చీల్చుకుని బయటికి వస్తుంది. వీధి మలుపు అవతల ఉన్నవాడికి కూడా ముందుగా వినబడేది అదే. ఆ చప్పుడు మారదు. మారేది కింద. బరువైన ఢోలు నేలను చూపిస్తుంది, రెండోది దానికి బదులిస్తుంది. మేళంలో చెయ్యి తిరిగినవాడు ఒకడు ఆ రెంటి మధ్యా సందు వెతుక్కుని దరువును విరుస్తాడు.

విరవడమంటే ఏమిటో చెబుతాను. మర్ఫాదైనా, దాన్నుంచి ఊరంతా పాకిన తీన్మార్‌దైనా నడక తిశ్రం. తకిట తకిట అని ఆరు మాత్రలు. ఆ ఆరింటిని మూడేసి చొప్పున రెండుగా పంచుకోవచ్చు, రెండేసి చొప్పున మూడుగానూ పంచుకోవచ్చు. బిందె మొదటి పంపకంలో ఉండగా ఢోలు రెండోదానిలోకి జారుకుంటే, ఆడేవాడి కాళ్లు ఒక లెక్కలో, భుజాలు ఇంకో లెక్కలో పడతాయి. తీన్మార్ ఆటలో భుజాలు అలా ఎగరడానికి కారణం ఇదే, మందు కాదు. (అది కూడా కొంత ఉంటుందనుకోండి.) కర్రలూ కత్తులూ పట్టుకుని ఆడే మర్ఫా ఆటలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఆయుధం ఒక పంపకం మీద లేస్తుంది, అడుగు రెండో పంపకం మీద పడుతుంది.

ఇప్పుడు మెటల్ డ్రమ్మర్ ముందున్న సరంజామా చూడండి. కాలితో తొక్కితే మోగే పెద్ద బాస్ డ్రమ్, తొడల మధ్య స్నేర్, చుట్టూ టామ్‌లు, పైన ఇత్తడి, కంచు పళ్లేల్లాంటి సింబల్స్. మేళంలో పదిమంది పంచుకున్న పని ఇక్కడ ఒక్కడి నాలుగు అవయవాల మీద పడుతుంది. కుడిచేతి సింబల్ బిందె పని చేస్తుంది, పాదాలు ఢోళ్ల పని చేస్తాయి. కాబట్టి మెటల్ వినేటప్పుడు గిటార్ల గోడను కాసేపు పక్కన పెట్టి ఆ సింబల్‌ను పట్టుకోండి. దాని కింద ఎవరెవరు ఎటు జారుకుంటున్నారో తెలుస్తుంది.

ఈ చెవితో నాకు అందరికన్నా ముందు నచ్చినవాడు ఐరన్ మైడెన్ డ్రమ్మర్ నికో మెక్‌బ్రెయిన్. 1983లో వచ్చిన ‘పీస్ ఆఫ్ మైండ్’ ఆ బ్యాండుతో ఆయన మొదటి ఆల్బమ్. దాని మొదటి పాట ‘వేర్ ఈగల్స్ డేర్’. పాట తెరుచుకునేదే ఆయన డ్రమ్స్‌తో. నడక తిశ్రం. పాదం మూడేసి దెబ్బలు గబగబా వేస్తూ పోతుంది. మొదటిసారి విన్న ప్రతి ఒక్కరూ రెండు కాళ్లతో కొడుతున్నాడనుకుంటారు. ఒకే కాలు, ఒకే పెడల్. అంత బిగువైన నడకలోనూ మూడో దెబ్బ రవ్వంత బరువు తగ్గి పడుతుంది, అందుకే పాట పరుగెత్తుతుంది తప్ప తొక్కిసలాడదు. 2007 మార్చిలో ఐరన్ మైడెన్ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించినప్పుడు హైదరాబాద్ కుర్రాళ్లు రైళ్లెక్కి పోయారు. వాళ్లలో తీన్మార్ ఎరిగినవాళ్లకు ఆ నడక పరాయిదేమీ కాదు. 2024 డిసెంబరులో మెక్‌బ్రెయిన్ కచేరీ యాత్రల నుంచి తప్పుకున్నాడు.

రెండు పాదాల కథ ‘ఓవర్‌కిల్’తో మొదలెట్టాలి. 1979, మోటర్‌హెడ్, డ్రమ్మర్ ఫిల్ టేలర్. అంతకుముందు రెండు బాస్ డ్రమ్‌లు వాడినవాళ్లు లేకపోలేదు. పాట మొదటి నుంచి చివరిదాకా వాటిని ఆపకుండా తొక్కి, ఆ తొక్కుడే పాట అనిపించింది మాత్రం టేలరే. విద్వత్తు తక్కువ, మొండితనం ఎక్కువ. ఆ పాటలో నాకు మరీ ఇష్టమైన సంగతి ఒకటుంది. రెండుసార్లు ముగిసినట్టే ముగిసి మళ్లీ లేస్తుంది. బరాత్‌లో అచ్చం ఇదే జరుగుతుంది. మేళం ఆగిపోతుంది, పెళ్లికొడుకు బావమరిది జేబులోంచి నోటు తీసి పైకెత్తుతాడు, దరువు ముందుకన్నా ఉధృతంగా అందుకుంటుంది. రెండోసారి లేచినప్పుడే ఆట చూడాలి.

స్లేయర్ బ్యాండు ‘రెయిన్ ఇన్ బ్లడ్’ 1986లో వచ్చింది, అరగంట కూడా నిండని ఆల్బమ్. అందులో ‘ఏంజెల్ ఆఫ్ డెత్’ చివర్లో అన్నీ ఆగి డేవ్ లొంబార్డో పాదాలు మాత్రమే వినబడే ఒక క్షణం ఉంది. ప్రపంచంలో మెటల్ డ్రమ్స్ నేర్చుకునే ప్రతివాడూ దాని మీద సాధన చేస్తాడు. దాని గురించి ఇప్పటికే చాలామంది చాలా రాశారు, నేను కొత్తగా కలిపేదేమీ లేదు. లొంబార్డో పుట్టింది హవానాలో అన్న సంగతి మాత్రం గుర్తు పెట్టుకోండి.

విరవడం అన్న విద్యను మెటల్‌లో చివరి అంచుదాకా తీసుకెళ్లినవాడు స్వీడన్ బ్యాండు మెషుగ్గా డ్రమ్మర్ తోమస్ హాకె. 2008 నాటి ‘బ్లీడ్’ వినండి. పాదాలు రెండు పొట్టి దెబ్బలు, రెండు పొడుగు దెబ్బలు కలిపి ఒక ముడి వేస్తాయి. ఆ ముడి పొడవు మూడు మాత్రలు. చేతులు పైన నిదానంగా నాలుగేసి లెక్కన నడుస్తుంటాయి. మూడు, నాలుగు పన్నెండో మాత్ర దగ్గర కలుస్తాయి, మళ్లీ విడిపోతాయి. ఇలా ఏడు నిమిషాలకు పైగా. హాకెకు ఆ ఒక్క పాట సాధనకే నెలలు పట్టింది. విన్నవాళ్లు దీన్ని గణితమంటారు. నాకు అది బిందె, ఢోళ్ల తగువులాగే వినబడుతుంది. మర్ఫాలో తగువు రెండు ఆవర్తాల్లో తీరిపోతుంది, ఇక్కడ తీరనివ్వరు. మెచ్చుకుంటాను గానీ ‘బ్లీడ్’కు భుజం ఎగరదు. తల మాత్రమే ఊగుతుంది. చోటు వదలకపోతే ఒళ్లు ఎక్కడ దూరాలి?

ఒళ్లు దూరేంత చోటు మెటల్‌లో మొదట వదిలినవాడు బ్లాక్ సబ్బాత్ డ్రమ్మర్ బిల్ వార్డ్. 1970లో బర్మింగ్‌హామ్ కుర్రాళ్లు తొలి ఆల్బమ్ తెచ్చినప్పుడు ఆయన చేతుల్లో ఉన్నది జాజ్, జీన్ క్రూపా వంటివాళ్లను విని అబ్బిన ఊగు. గిటార్ ఎంత బరువుగా ఈడ్చినా డ్రమ్స్ దాని వెనకాల తూగుతూ వచ్చేవి. ఆ తూగు తర్వాతి తరాల్లో తగ్గుతూ పోయింది.

తగ్గడానికి యంత్రం ఒక కారణం. మెటల్‌లో బాస్ డ్రమ్‌కు ట్రిగర్ అనే చిన్న పరికరం బిగిస్తారు. పాదం మెల్లగా తగిలినా గట్టిగా తగిలినా ముందే భద్రపరిచిన ఒకే దెబ్బ మోగుతుంది. వేగం పెరిగేకొద్దీ కాలి బలం తగ్గడం సహజం గనక ఇది అవసరమైంది. కానీ దానితో మెక్‌బ్రెయిన్ మూడో దెబ్బలోని ఆ రవ్వంత తేడా చెరిగిపోయింది. పాతబస్తీలో ఇదే పని ప్యాడ్ బ్యాండు చేసింది. ఒకడు బండి మీద నిలబడి ఎలక్ట్రానిక్ ప్యాడ్‌ను పుల్లలతో కొడతాడు, పెట్టెల్లోంచి ఢోళ్లూ డప్పులూ అన్నీ పలుకుతాయి. ఖర్చు కలిసొస్తుంది, చప్పుడు మూడు వీధులు దాటుతుంది. తర్వాత డీజేలొచ్చాయి. 2024 అక్టోబరులో మత ఊరేగింపుల్లో డీజేలను నగర పోలీసులు నిషేధించారు. ప్యాడ్ కొట్టేవాళ్లలోనూ దిట్టలున్నారు, కాదనను. కానీ దానికి ఎండా వానా తెలియవు.

తోలుకు తెలుస్తాయి. లాల్‌దర్వాజా సింహవాహిని బోనాలు ఆషాఢం చివరి ఆదివారం, అంటే సరిగ్గా ముసురు రోజుల్లో. చెమ్మకు డప్పు తోలు వదులవుతుంది. అందుకే దారి పక్కన కాగితాలూ గడ్డీ మండించి డప్పు కాచుకుంటారు. కాచిన వెంటనే గొంతు ఖంగుమంటుంది, కాసేపటికి దిగిపోతుంది, మళ్లీ కాచాలి. డప్పుకు రెండు పుల్లలు. ఒక చేతిలో పొట్టిగా లావుగా ఉండే సిర్ర, రెండో చేతిలో సన్నటి చిటికెన పుల్ల. సిర్ర బరువు వేస్తుంది, చిటికెన పుల్ల అంచున గలగలలాడిస్తుంది. కాపు తాజాగా ఉన్నప్పుడు చిటికెన పుల్లకు పని పెంచడం, తోలు దిగుతున్నకొద్దీ సిర్ర మీదికి మళ్లడం అనుభవజ్ఞుడి లక్షణం. ఇప్పుడు తోలు బదులు ప్లాస్టిక్ డప్పులొచ్చాయి, కాచే పని లేదు. అమెరికాలో ఈ మార్పు 1957 ప్రాంతంలోనే జరిగింది. మైలార్ అనే ప్లాస్టిక్ పొర వచ్చి డ్రమ్స్ మీది దూడ తోలును తోసేసింది. ఆ పొరే లేకపోతే రాక్ మోత, మెటల్ వేగం నిలబడేవి కావు. కాబట్టి ప్లాస్టిక్‌ను తిట్టే హక్కు మెటల్ అభిమానికి లేదు. నేను తిట్టను, ముఖం చిట్లిస్తాను.

ఇక్కడ ఒక చేదు మాట. నాకిష్టమైన మెటల్ వాయింపులకు పేర్లు, తేదీలు చెప్పగలిగాను. ఆల్బమ్ వెనక అచ్చయి ఉంటాయి. మర్ఫా, డప్పుల సంగతికొస్తే చెప్పలేను. అక్కన్న మాదన్న గుడి ఘటం అంబారీ మీద చార్మినార్ మీదుగా నయాపూల్ వైపు సాగే సోమవారం దాని ముందు కొట్టేవాళ్లలో హాకెకు పాఠం చెప్పగలవాళ్లు ఉంటారు. వాళ్లు కూర్చుని కొట్టరు, గంటల తరబడి నడుస్తూ కొడతారు. వాళ్ల పేరు ఎవరూ అడగరు. కూలి మాట్లాడుకుంటారు, పంపేస్తారు. డప్పు విషయంలో దీని వెనక కులం ఉంది. 1994లో మాదిగ దండోరా ఉద్యమం ఆ డప్పునే భుజానికెత్తుకుని ఆ చిన్నచూపుకు జవాబు చెప్పింది. పెళ్లి పత్రికలో వంటవాడి పేరు ఉండనట్టే దరువు వేసేవాడి పేరూ ఉండదంటారా? సరే. కానీ ఇష్టమైన వాయింపుల జాబితా రాసే ప్రతిసారీ ఆ ఖాళీ నాకు అడ్డం వస్తుంది.

లొంబార్డో హవానాను గుర్తు పెట్టుకోమన్నది ఇందుకే. ఆఫ్రికా దరువు సముద్రాలు దాటింది. అట్లాంటిక్ దాటి క్యూబాకు, బ్రెజిల్‌కు బానిసల ఓడల్లో వెళ్లింది. అరేబియా సముద్రం దాటి సిద్దీలతో దక్కనుకు వచ్చింది. బ్రెజిల్ బ్యాండు సెపుల్తురా ఆ సంగతి గుర్తుచేసుకుని 1996లో ‘రూట్స్’ చేసింది. డ్రమ్మర్ ఇగోర్ కవలేరా తన కిట్ పక్కన బహియా వాయిద్యకారుడు కార్లిన్యోస్ బ్రౌన్‌కు చోటిచ్చాడు. బ్యాండు షవాంతే ఆదివాసుల దగ్గరికి వెళ్లి వాళ్లతో కలిసి రికార్డు చేసింది. ఫలితంగా వేగం బాగా తగ్గింది, బరువు పెరిగింది. పాత అభిమానులు కొందరు అలిగారు. నా జాబితాలో మెక్‌బ్రెయిన్ పక్క కుర్చీ ఆ ఆల్బమ్‌దే. మెటల్ డ్రమ్స్‌కు భుజాలు ఎగరగలవని నిరూపించింది అది.

హైదరాబాద్‌కూ మెటల్ ఉంది. గాడ్‌లెస్ అనే డెత్ మెటల్ బ్యాండు ఇక్కడిదే. 2021లో ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ ఆల్బమ్ తెచ్చింది, అందులో డ్రమ్స్ ఏ దేశపు బ్యాండుకూ తీసిపోవు. ఈ ఊరి మెటల్ కిట్, ఏసీ గార్డ్స్ ఢోళ్లు, ఒక స్టీలు బిందె ఒకే గదిలో మోగితే వినాలని నా ఆశ. తిశ్రం ఇద్దరికీ వచ్చు. వేగం ఎవరు తగ్గించుకోవాలన్న దగ్గరే తగువు వస్తుంది. తగ్గించుకోవాల్సింది మెటల్ డ్రమ్మరే. బిందె వాయించేవాడు చచ్చినా తగ్గడు.