పాట ఎత్తే వేళకు వెళ్లండి

చర్చి ఆరాధనకు మొదటిసారి వెళ్లాలనుకునే వాళ్లు నన్ను ముందుగా అడిగేది చెప్పుల సంగతి. మన పల్లెల్లో చాలాచోట్ల గుమ్మం బయటే విడుస్తారు. పట్నంలో బల్లలు వేసిన పెద్ద చర్చిల్లో చాలామంది వేసుకునే వెళ్తారు. ముందు వెళ్లేవాళ్లను చూసి నడుచుకుంటే చాలు. రెండో ప్రశ్న, "మాది వేరే మతం కదా, రానిస్తారా?" అని. తప్పకుండా రానిస్తారు. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు కూర్చునే అలవాటు ఇంకా చాలా ఊళ్లలో ఉంది. ప్రార్థన అనగానే ఆడవాళ్లు కొంగు తలమీదికి తీసుకుంటారు. ఎవరైనా "వందనాలండీ" అంటే మీరూ వందనాలనండి. కానుకల సంచి మీ ముందుకు వస్తే వెయ్యాలని ఉంటే వెయ్యండి, లేకపోతే పక్కవారికి అందించండి. ఎవరూ ఏమీ అనుకోరు.

ఏ వేళకు వెళ్లాలో మాత్రం ఎవరూ అడగరు. నాకు చెప్పాలని ఉన్నది అదే. చర్చిలో ఆరాధనకు రెండో గంట కొట్టకముందే వెళ్లి కూర్చోండి. మొదటి కీర్తన తప్పిపోతే ఆ రోజు సగం ఆరాధన పోయినట్టే.

నేను గుంటూరు వైపు లూథరన్ సంఘంలో పుట్టి పెరిగినవాణ్ణి. 1842లో మిషనరీ హయ్యర్ దొర గుంటూరులో అడుగుపెట్టిన నాటి నుంచి వచ్చిన సంఘం మాది. కాబట్టి నేను చెప్పేదంతా పాత సంఘాల పద్ధతి: లూథరన్, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం), బాప్టిస్టు. వాటిలోనూ తేడాలున్నాయిగానీ లూథరన్, సి.ఎస్.ఐ. సంఘాల్లో వరస ఇంచుమించు ఒకటే. పాపపు ఒప్పుకోలు, క్షమాపణ మాట, వాక్య పఠనం, విశ్వాస ప్రమాణం, అయ్యగారి (పాస్టరు గారి) ప్రసంగం, విజ్ఞాపనలు, ప్రభువు నేర్పిన ప్రార్థన, చివర ఆశీర్వాదం. సువార్త పాఠానికి అందరూ లేస్తే మీరూ లేవండి. కొత్తవాళ్లు ఒకచోట తికమకపడతారు. "కీర్తన ఇరవై మూడు చదువుకుందాం" అంటే అది బైబిల్లోని దావీదు కీర్తన. "కీర్తన నంబరు ఫలానా" అంటే పాటల పుస్తకంలోది. గోడకు తగిలించిన చెక్కపలక మీద అంకెలు కనిపిస్తాయే, అవి ఈ రెండో రకం.

ఆ పుస్తకం పేరు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. పక్కవారిని అడిగి తీసుకుని తెరవండి. పాట నెత్తి మీద సన్నని అచ్చులో రాగం, తాళం ఉంటాయి: శంకరాభరణం, మోహన, ఆనందభైరవి లాంటి రాగాలు, ఆది, త్రిపుట లాంటి తాళాలు. కొన్నింటికి "చాయ" అని రాసి ఇంకో పాట పేరు ఇస్తారు. ఆ వరస తెలిసినవాడు ఈ పాటనూ పాడేయొచ్చని దాని అర్థం. స్వరలిపి రాని పల్లెటూరి సంఘానికి ఇంతకన్నా తేలిక దారి ఏముంటుంది? కింద పల్లవి, అనుపల్లవి, చరణాలు. ప్రతి చరణం చివర పల్లవి తొలి అక్షరాలు జంట నిలువు గీతల మధ్య ఉంటాయి, పల్లవికి తిరిగి రమ్మని గుర్తుగా. కర్ణాటక సంగీతంలో కృతి నడిచే దారే ఇది.

ఈ దారి వేసినవాళ్లలో పెద్దాయన పురుషోత్తమ చౌదరి. 1803లో పుట్టిన బ్రాహ్మణ పండితుడు, పర్లాకిమిడి ప్రాంతం వాడు. 1833లో కటకంలో బాప్తిస్మం పొందాడు. 1890లో పోయాడు. ఆయన కీర్తనల్లో సంస్కృత సమాసం గుండె నిబ్బరంతో నిలబడుతుంది, దాని పక్కనే ముసలమ్మ నోట్లో ఆడే తెలుగు మాట పలుకుతుంది. అక్షరం రాని అవ్వలు ఆయన పాట ఏడు చరణాలూ పొల్లు పోకుండా పాడటం నేను చెవులారా విన్నాను. ఏ మహాకవికి దక్కింది ఆ భాగ్యం? తర్వాత పంతగాని పరదేశి, పులిపాక జగన్నాథం, చెట్టి భానుమూర్తి. బైబిల్ మిషన్ స్థాపించిన ముంగమూరి దేవదాసు అయ్యగారు, ఆ తర్వాతి తరంలో ఎ.బి. మాసిలామణి గారు. శాఖలు వేరైనా వీళ్ల పాటలు అన్ని గోడలూ దాటాయి.

రాసినవాళ్లు ఒక ఎత్తు, పాట ఎత్తేవాళ్లు ఒక ఎత్తు. మా ఊరి సంగీతం మేష్టారు హార్మోనియం ముందు కూర్చుని వెంటనే వాయించేవారు కాదు. ఒక్క మెట్టు నొక్కిపట్టి జనాన్ని కలయజూసేవారు. ఆ వేళకు ముసలివాళ్లే ఎక్కువ వచ్చారనిపిస్తే శ్రుతి ఒక మెట్టు దించేవారు. పిల్లలు నిండుగా ఉంటే పెంచేవారు. పల్లవి ఆయన ఒక్కరే ఎత్తి, రెండోసారికి సంఘానికి వదిలేసేవారు. ఆఖరి చరణం దగ్గర చెయ్యి ఎత్తగానే తబలా ఆగిపోయేది, తాళాలు ఆగిపోయేవి. రెండువందల గొంతులు మాత్రం మిగిలేవి, ఆడవాళ్ల గొంతు పైన, మగవాళ్లది కింద. మట్టి చేసే వేళ సమాధుల దొడ్డిలో హార్మోనియం ఉండదు కదా, అక్కడా ఆయన ఎత్తిన శ్రుతి తప్పింది లేదు.

సంస్కారపు (ప్రభు భోజనం ఇచ్చే) ఆదివారం సి.ఎస్.ఐ. చర్చికి వెళ్తే ఇంకొకటి చూడండి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆ సంఘం ఏర్పడింది. 1950లో వచ్చిన దాని ప్రభు భోజన క్రమంలో సమాధానం, అంటే శాంతి, ఇచ్చిపుచ్చుకునే ఘట్టం ఉంది. ఇచ్చేవారి కుడి అరచెయ్యి పుచ్చుకునేవారి కుడి అరచేతికి ఆనుతుంది, ఇద్దరి ఎడమ చేతులూ ఎదుటివారి కుడిచేతి మీద మూసుకుంటాయి. ప్రభువు బల్ల దగ్గర మొదలై చేతి నుంచి చేతికి చివరి వరస దాకా వస్తుంది. అంటరానితనం చూసిన నేల మీద చెయ్యీ చెయ్యీ అలా కలవడం ఎంత గొప్ప సంగతి! ఆ సమాధానం మీ దాకా వస్తే చేతులు చాపండి. రొట్టె, ద్రాక్షారసం మాత్రం బాప్తిస్మం పొందినవారికి. మీరు కూర్చున్న చోటే ఉండండి.

చర్చి కట్టడం చూడటం వేరు, ఆరాధనలో కూర్చోవడం వేరు. మెదక్ చర్చి చూడని వాళ్లు తక్కువ. మిషనరీ పోస్నెట్ దొర కరువు రోజుల్లో జనానికి కూలి, కూడు ఇచ్చి కట్టించాడంటారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. రంగుటద్దాల కిటికీలకు ఫోటోలు తీసుకుని వచ్చేస్తారు. ఆదివారం పొద్దున అక్కడ కూర్చుని ఒక్క కీర్తన విన్నారా అంటే బదులుండదు.

ఇప్పుడు కడుపుమంట సంగతి. పోయిన క్రిస్మసుకు ఒక పట్నం చర్చికి వెళ్లాను. స్టేజీ మీద ఆరుగురు, నాలుగు మైకులు, మనిషెత్తు సౌండు బాక్సులు. కీబోర్డులో ఒక బటన్ నొక్కగానే సినిమా డప్పు మొదలైంది. దాని మీద చౌదరి గారి కీర్తన! అనుపల్లవి ఎగిరిపోయింది. ఏడు చరణాల్లో రెండు మిగిలాయి. ఆనందభైరవి ఆనవాలు కూడా లేదు. కింద జనం నోరు మూసుకుని తెర వైపు చూస్తున్నారు. ఆ హోరులో పాడినా ఎవరికి వినబడుతుంది? ఇంకో మోసం గమనించండి. పాట పుస్తకంలోంచి తెర మీదికి ఎక్కేటప్పుడు పైనున్న రాగం, తాళం వరస రాలిపోతుంది. అది పోతే రేపటి పిల్లవాడికి దారి చూపేది ఎవరు? వాయించిన కుర్రాణ్ణి "ఇది ఏ రాగం, నాన్నా?" అని అడిగాను. "రాగం తెలీదు అంకుల్, స్కేలు చెప్పమంటారా" అన్నాడు. వాడిది తప్పు కాదు, నేర్పినవాడు లేడు. బాక్సులకు లక్షలు పోసే సంఘం, పిల్లలకు సంగీతం చెప్పే మేష్టారికి నెలకు నాలుగు వేలు ఇవ్వలేకపోతోంది. సిగ్గుచేటు.

కొత్త పాటలు వద్దని నేను అనను. మాసిలామణి గారి పాటలూ ఒకప్పుడు కొత్తవే. కానీ సంఘమంతా పాడలేని పాట ఆరాధనలో పాట కాదు, కచేరీ.

అయ్యగార్లకు, సంఘ పెద్దలకు చేతులు జోడించి అడుగుతున్నాను. బీరువాలో పడి ఉన్న హార్మోనియం బయటికి తీయించండి. ఆదివారానికి ఒక్క కీర్తన, చరణాలన్నీ, మైకు లేకుండా పాడించండి. పాట తెలిసిన అవ్వలు ఇంకా ఉన్నారు, పిల్లల్ని వాళ్ల పక్కన కూర్చోబెట్టండి.

కొత్తగా వెళ్లేవాళ్లకు ఒక మాట. స్టేజీకి దూరంగా, ముసలివాళ్లు కూర్చునే వైపు చోటు చూసుకోండి. పుస్తకం లేకపోతే అడగండి. పేజీ తీసి మరీ ఇస్తారు.