కల్లుకు గడువు సాయంత్రం దాకే

ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతంలో తయారైన వైన్ సీసా కనీసం 15 నెలలు గడవనిదే అమ్మకానికి రాదు. పంట పండిన సంవత్సరాన్ని సీసా మీద వేసి అమ్మాలంటే మూడేళ్ళు ఆగాలి. పల్నాడు జిల్లాలో రాజుపాలెం చుట్టుపక్కల పొలంగట్ల మీది తాటిచెట్ల నుంచి తెల్లారి దించిన కల్లుకు అంత వ్యవధి లేదు. ఎండెక్కేసరికి రుచి మారిపోతుంది, మర్నాటికి నోట పెట్టలేం. రెండూ పులిసిన రసాలే. ద్రాక్షతోటలు చూడటానికి కుటుంబాలతో సహా విమానమెక్కేవాళ్ళున్నారు. తాటితోపు మన ఊరి పొలిమేరలోనే ఉన్నా పిల్లల్ని అటు తీసుకెళ్ళం. అక్కడ ఉండేది తాగుడొక్కటే అనుకుంటాం. నిజానికి చూడాల్సింది పనితనం.

తాటిలో పోతుచెట్టు వేరు, పెంటిచెట్టు వేరు. పోతుచెట్టు కాయదు. చలికాలంలో అది వేసే పూగెలలే కల్లుకు మొదటి ఆధారం. పెంటిచెట్టు గెలల్నీ గీస్తారు గానీ, గీసిన గెలకు ముంజెలు ఉండవు. కల్లా, కాయా అన్నది చెట్టు గలవాళ్ళు ముందే తేల్చుకోవాలి. పైగా తాడి మొలిచిన పన్నెండు నుంచి ఇరవై ఏళ్ళకు గానీ గీతకు రాదు. ఈ రోజు టెంక పాతినవాడు ఆ చెట్టు కల్లు తాగేది పిల్లలు పెద్దవాళ్ళయ్యాకే.

గీసే మనిషి పనిముట్లు కొన్నే. నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టే మోకు, కాళ్ళకు బందం, నడుముకు కట్టుకునే ముస్తాదులో కత్తి, పైన కట్టే లొట్టి. కత్తికి పదును పెట్టడమే ఒక పెద్ద పని. పలుగురాయి పొడి చల్లిన చెక్క మీద దాన్ని నూరుతాడు. చెట్టెక్కి మట్టల నడుమ కుదురుకున్నాక గెలను కర్రలతో మెల్లగా నొక్కుతాడు. ఆ నొక్కుడుకు లోపలి కణజాలం మెత్తబడి రసం జారడానికి దారి దొరుకుతుంది. ఎక్కువ నొక్కితే గెల చచ్చిపోతుంది, తక్కువైతే బొట్టు రాదు. కొన్నాళ్ళు ఇలా మచ్చిక చేశాక కొసను కోస్తాడు. అప్పటినుంచి రోజుకు రెండు మూడుసార్లు ఎక్కి, ప్రతిసారీ కాగితమంత పలచని పొర తీస్తాడు. మందంగా కోస్తే గెల తొందరగా అయిపోతుంది. అసలు కోయకపోతే గాయం మానిపోయి ధార ఆగిపోతుంది. అందుకే సీజన్‌లో గీతకు సెలవు లేదు. పెళ్ళయినా, పండగయినా పొద్దున్నే చెట్టెక్కాల్సిందే.

గెల నుంచి జారే రసం తియ్యన. అందులో చక్కెర నూటికి పది పన్నెండు పాళ్ళు ఉంటుంది. లొట్టిలో పడగానే ఈస్ట్, జైమోమోనాస్ అనే బాక్టీరియా ఆ చక్కెరను ఆల్కహాల్‌గానూ బొగ్గుపులుసు వాయువుగానూ మారుస్తాయి. నురగ అందుకే. నిన్నటి లొట్టిలో మిగిలిన మడ్డే ఈ రోజు రసానికి తోడు. కొన్ని గంటల్లో ఆల్కహాల్ నాలుగైదు శాతానికి చేరుతుంది, వెనకే పులుపూ పెరుగుతుంది. రసం పులియడం వెనక సూక్ష్మజీవులున్నాయని నిరూపించిన లూయీ పాశ్చర్ ద్రాక్షతోటల ఊరైన ఆర్బువాలోనే పెరిగాడు. వైన్ చెడిపోకుండా దాన్ని కాస్త వెచ్చబెట్టే పద్ధతికి 1865లో పేటెంట్ తీసుకున్నాడు. మన గీసేవాళ్ళు రసాన్ని పులియబెట్టే జీవులను ఆపడానికి ఇంకో దారి పట్టారు. అది సున్నం.

ఇక్కడ పల్నాడు నేల పైకి తేలుతుంది. షాంపేన్‌లో ద్రాక్షవేళ్ళు సుద్దనేలలోకి దిగితే, పల్నాడు కింద సున్నపురాయి పరుచుకుని ఉంది. గుంటూరు వైపు నుంచి సత్తెనపల్లి, రాజుపాలెం దాటితే వచ్చే పిడుగురాళ్ళ ఆ రాయిని కాల్చే బట్టీలకు పేరుపడ్డ ఊరు. శుభ్రంగా కడిగిన లొట్టి లోపల తడిసున్నం పూస్తే పులియబెట్టే జీవులు తట్టుకోలేవు. రసం తియ్యగానే నిలుస్తుంది. అదే నీరా. చల్లగా ఉంచి తాగొచ్చు, కాచి తాటిబెల్లం చేయొచ్చు.

తోపు దగ్గరికి పిల్లలతో వెళితే తేడా నాలుకకే తెలుస్తుంది. "ఇది పిల్లలకు పోయొచ్చా బాబాయ్?" అంటే, గీసే మనిషి తల అడ్డంగా ఊపి పక్క లొట్టి చూపిస్తాడు. "అది పెద్దోళ్ళకమ్మా. సున్నం రాసింది ఇదిగో, బెల్లపు నీళ్ళలా ఉంటది. ఇప్పుడే తాగాల." తాటాకు దొన్నెలో పోసిన నీరాలో తీపి వెనక సున్నపు వాసన సన్నగా తగులుతుంది. పక్క లొట్టిలోంచి గుసగుసమంటూ పొంగే నురగ చూపిస్తే చాలు, పులియడమంటే ఏమిటో పిల్లలకు పుస్తకం అక్కర్లేదు.

ఈ విద్యకు విలువ కట్టడంలోనే మనం వెనకబడ్డాం. ఫ్రాన్స్ వైన్ తయారయ్యే ఊరి పేరుకే చట్టంతో రక్షణ ఇస్తోంది. షాంపేన్ కొండవాలులు, నేలమాళిగలు 2015లో యునెస్కో జాబితాకెక్కాయి. మనకు గీత సహకార సంఘాలున్నాయి, చెట్టు లైసెన్సులున్నాయి. మరోపక్క చెట్టు చూడని "కల్లు"లో క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రజోలాం కలిపి అమ్మే మోసమూ ఉంది. అసలు కల్లు మీద జనానికి నమ్మకం పోయింది దానివల్లే. కల్లు ఎంత సహజమైనా మత్తే, దానికి బానిసైన ఇళ్ళ కష్టం చిన్నది కాదు. అందుకే గీసేవాడికి మేలు చేసే దారి నీరా, బెల్లం వైపు ఉంది. గాంధీజీ తాటిబెల్లాన్ని గ్రామపరిశ్రమగా ప్రోత్సహించారు. రంపచోడవరం దగ్గరి పందిరిమామిడి ఉద్యాన పరిశోధన కేంద్రం తాటి ఉత్పత్తుల మీద పనిచేస్తోంది. హైదరాబాద్‌లో 2023లో నీరా కేఫ్ తెరిచారు. మోకు జారి పడి ప్రాణాలు పోగొట్టుకునేవాళ్ళున్నారు కాబట్టి తెలంగాణ ప్రభుత్వం 2024లో, గీసేవాళ్ళు కొలిచే కాటమయ్య పేరుతో రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది.

పల్నాడుకు కూడా ఇంతే కావాలి. దారి పక్క చల్లగా నీరా దొరికే ఒక దుకాణం, చెట్టెక్కేవాడికి నడుము పట్టుకునే ఒక మంచి కిట్, గట్టున చెట్టు కొట్టినవాడితో రెండు టెంకలు పాతించే ఒక నియమం. ఈ మూడూ లేకుంటే ఆ కత్తి పట్టడానికి తరవాతి తరం ఎందుకు ముందుకొస్తుంది?