డంప్‌స్టర్ దించే పనితనం

అమెరికాలో పాత వంటగది పగలగొట్టినా, పెద్దవాళ్ల ఇల్లు ఖాళీ చేసినా ముందు వాకిట్లోకి దిగేది అద్దె డంప్‌స్టర్, అంటే చెత్త నింపే పెద్ద ఇనుప డబ్బా. ఇళ్లకు ఎక్కువగా తెప్పించే 20 ఘనగజాల డబ్బా దాదాపు 22 అడుగుల పొడవుంటుంది. దాన్ని దించే డ్రైవరంటే నాకెంతో గౌరవం. పైన కరెంటు తీగలూ, పక్కన చెట్టుకొమ్మలూ చూసుకుంటూ రివర్సులో వస్తాడు. సిమెంటు గీరుకుపోకుండా కింద చెక్కలు పరుస్తాడు. లారీ మీది పట్టాలను ఏటవాలుగా లేపి ఇనుప తాడు వదులుతాడు. డబ్బా వెనక అంచు నేలకు ఆనగానే లారీని మెల్లగా ముందుకు నడుపుతాడు. తాడు వదిలే వేగమూ లారీ కదిలే వేగమూ అక్కడ కలవాలి. అసలు విద్య అదే! తిరిగి ఎత్తేటప్పుడు బరువుతో పేచీ. ఇటుకలూ మట్టీ అయితే డబ్బా నిండకముందే పరిమితి దాటిపోతుంది. అంచుకు మించి నింపితే కొంత తీయమని ఇంటివాళ్లకు మర్యాదగా చెప్పాల్సిందీ అతనే.