లాప్‌టాపు ఎన్నికలో మరచిన పోర్టు

2017 డిసెంబరు 27వ తేదీన, అప్పటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ తుళ్లూరు మండలములోని వెలగపూడిలో ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్ మొదటి దశను ప్రారంభించిరి. విద్యుత్ స్తంభముల మీదుగా గాజుతీగెను లాగి ఇండ్లకు ఇంటర్నెట్టు అందించుట ఆ పథకములోని విశేషము. కాని తీగె ఇంటికి వచ్చినంత మాత్రమున పని పూర్తి కాదు. మిరపచేని గట్టువరకు కాలువ నిండుగా పారినను, తూము లేనిచో పైరు తడవదు గదా! నేటి లాప్‌టాపులలో పెక్కింటికి ఆ తూమే లేదు.

గాజుతీగెలో ప్రయాణించునది కాంతి. ఇంటిలో గోడకు బిగించిన చిన్న పెట్టె దానిని విద్యుత్ సంకేతములుగా మార్చును. అచ్చటినుండి లాప్‌టాపునకు రెండు మార్గములు కలవు. ఒకటి వై-ఫై, అనగా రేడియో తరంగములు. రెండవది ఎనిమిది రాగితీగెలు నాలుగు జతలుగా మెలివేసిన ఈథర్‌నెట్ కేబులు. ఈ ఈథర్‌నెట్ పద్ధతికి 1973లో అమెరికాలోని జెరాక్స్ పరిశోధనాలయమున రాబర్ట్ మెట్‌కాఫ్ అంకురార్పణ చేసెను.

2008లో ఆపిల్ కంపెనీ మాక్‌బుక్ ఎయిర్ అను సన్నని లాప్‌టాపును వెలువరించి, అందు ఈ పోర్టును విడిచిపెట్టెను. కావలసినవారు అడాప్టరును విడిగా కొనుక్కొనవలసివచ్చెను. క్రమముగా ఇతర కంపెనీలును ఆ బాటనే పట్టినవి. పోర్టు మందము సన్నని అంచున ఇమడదనుట వారి సమాధానము. ఇది పూర్తిగా ఒప్పుకొనదగినది కాదు. కేబులు పెట్టునపుడు క్రిందికి తెరచుకొను మూతగల పోర్టును సన్నని లాప్‌టాపులలో అమర్చిన కంపెనీలును కలవు. నిత్యము ప్రయాణించువానికి సన్నదనము సుఖమే. ఇంటివద్ద ఒకే బల్లపై కూర్చుండి చదువుకొను విద్యార్థికి దానివలన కలుగు లాభము స్వల్పము.

తీగె గొప్పతనము వేగములోనే ఉన్నదని పలువురు తలంతురు. వై-ఫై వేగము మన నెలచందా వేగమును మించియుండుట నేడు సామాన్యమే. తీగె అసలు గుణము నిలకడ. ఒకే వై-ఫై చానలు నుపయోగించు పరికరములన్నియు, పొరుగింటివి సైతము, వంతులవారీగా మాటలాడుకొనవలెను. గోడలు సంకేతమును బలహీనపరచును, 2.4 గిగాహెర్ట్‌జ్ వద్ద మైక్రోవేవ్ పొయ్యియు ఆటంకము కలిగింపగలదు. చెదరిన సమాచారము మరల పంపబడును, ఆలస్యము పెరుగును. సినిమా చూచువానికి ఇది తెలియకపోవచ్చును. ఆన్‌లైను పరీక్షలోనున్న విద్యార్థికి, పాఠము చెప్పుచున్న ఉపాధ్యాయునికి ఆ కొద్ది సెకనుల తడబాటే పెద్ద నష్టము.

అమ్మకపు ప్రకటనలు ప్రాసెసరు, మెమరీలను పెద్ద అక్షరములలో చాటును. పోర్టుల పట్టిక తరచు చివరనుండును. కొనువారు ఆ చివరి పంక్తినే ముందు చదువవలెను. అందు ‘ఆర్‌జె-45’ అని గాని ‘ఈథర్‌నెట్’ అని గాని ఉన్నదా? ‘10/100’ అనగా సెకనుకు 100 మెగాబిట్లు. ‘10/100/1000’ అనగా 1,000. చందా వేగము 50 మెగాబిట్లే అయినచో మొదటి రకమే చాలును. గిగాబిట్ అను మాట కొరకే అధిక ధర నిచ్చుట వ్యర్థము.

పోర్టు లేదని మంచి లాప్‌టాపును త్రోసివేయనక్కరలేదు. యు.ఎస్.బి. అడాప్టరు ఆ లోటు తీర్చును. కాని యు.ఎస్.బి. 2.0 పరమావధి 480 మెగాబిట్లే కావున, గిగాబిట్ చందా గలవారు 3.0 లేక ఆపై రకమును తీసికొనవలెను. తమ ఆపరేటింగ్ సిస్టముతో అది పనిచేయునో లేదో ముందుగా తెలిసికొనవలెను. ఉన్న యు.ఎస్.బి. పోర్టు ఒక్కటే అయి, ఛార్జింగునకు కూడ అదియే దిక్కైనచో, రెంటికిని వీలైన అడాప్టరు కావలెను. ఈ ఖర్చును లాప్‌టాపు ధరలో కలిపియే పోల్చి చూడవలెను.

కేబులునందును జాగ్రత్త అవసరము. ‘క్యాట్ 5ఇ’ రకము 100 మీటర్ల వరకు గిగాబిట్ వేగమునకు చాలును. గిగాబిట్‌కు నాలుగు జతలును కావలెను. 100 మెగాబిట్లకు రెండే చాలును. కావున ఒక జత తెగినను వేగము పడిపోయి 100 వద్ద నిలువవచ్చును. అపుడు దోషము లాప్‌టాపునకు అంటగట్టరాదు.

పాఠశాలకు లాప్‌టాపులు ఎన్నుకొను ఉపాధ్యాయులు అంగడిలోనే వై-ఫై ఆపివేసి, కేబులు తగిలించి, ఒక వీడియో పాఠమును నడిపించి చూడుడు. ఐదు నిమిషముల ఈ పరీక్ష ప్రకటనలు చెప్పని సంగతిని తేల్చిచెప్పును.